పూర్ణకుంభ శబ్దార్థ విచారము

ఆంధ్రప్రదేశ రాజ్యమునకు 2018వ సంవత్సరమున ఏర్పఱుపఁబడిన అధికారముద్రయందు అమరావతీ శిల్పరీతి ననుసరించిన పూర్ణఘటము నడుమ నిలుపఁబడినది. అంతకు మున్నును పూర్ణకుంభము రాజ్యముద్రయం దుండినదే. ప్రభుత్వ పత్రములమీఁదను కార్యాలయ ద్వారములమీఁదను దీనిని చూడని బాలుఁ డుండఁడు. కావలి మొదలుగాఁ గల నెల్లూరిసీమ పాఠశాలలలోనేమి, ఇతరత్ర నేమి, ‘ఇది యేమి?’ అని బాలు రడిగినచోఁ దఱచుగా వచ్చు సమాధానము ‘నిండుకుండ, సమృద్ధికి గుర్తు’ అనునదియే. ఈ సమాధానము తప్పని చెప్పుటకు వీలులేదు. కాని యిది సగము సమాధానము. దేనితో నిండినదని బాలుఁడు మఱల నడిగెనేని, ఒకరు ధాన్యమందురు, ఒకరు బంగార మందురు, ఒకరు నీరందురు. మువ్వురును కుండను కొలపాత్రగా భావించి, అందుఁ బోసిన వస్తువునందే సమృద్ధి యున్నదని తలఁచుచున్నారు. శబ్దమునుబట్టి చూచినను, శిల్పమునుబట్టి చూచినను, తెలుఁగిండ్ల యాచారమునుబట్టి చూచినను ఈ తలఁపు నిలుచునది కాదు.

మొదట శబ్దము. పూర్ణ మను రూపము పాలన పూరణార్థకమగు ‘పౄ’ ధాతువుపై నిష్ఠాప్రత్యయము చేరఁగా సిద్ధించినదని పలువు రనుకొందురు. రేఫమునకుఁ బరమైన నిష్ఠాతకారమునకు నకారము వచ్చునని అష్టాధ్యాయి 8-2-42 సూత్రము విధించుచున్నది. తీర్ణము, జీర్ణము, కీర్ణము ఇట్లు సిద్ధించినవే. ఆ వరుసలోనే పూర్ణమును గూర్చుండఁబెట్టుట సులభముగాఁ దోఁచును. కాని పదునైదు సూత్రముల దూరముననే, 8-2-57లో, పాణిని ధ్యా, ఖ్యా, పౄ, మూర్ఛి, మద ధాతువులకు నత్వమును నిషేధించినాఁడు. కావున ధ్యాతము, ఖ్యాతము, మూర్తము, మత్తము అను వానివలెనే పౄ ధాతువునకు నిష్ఠాంతరూపము ‘పూర్తము’ కావలయునే గాని ‘పూర్ణము’ కానేరదు. మఱి పూర్ణ మెక్కడిది? ఆప్యాయనార్థకమై దివాదిగణమునఁ బఠింపఁబడిన ‘పూరీ’ ధాతువునుండి వచ్చినది. ఈ ధాతువు ఈదిత్తగుటచే 7-2-14 సూత్రముననుసరించి నిష్ఠయం దిడాగమము లేదు. రేఫమునకుఁ బరముగా నిలిచిన తకారము నకారమై, ణత్వమును బొంది, పూర్ణమగుచున్నది.

ఆప్యాయన మనఁగా ఒకరు తెచ్చి పోయుట కాదు. ఉబ్బుట, పెరుగుట, తృప్తి నొందుట. సోమయాగమున సోమలతను నీటితో స్పృశించి వృద్ధి నొందుమని కోరు కర్మమునకు ఆప్యాయనమనియే పేరు. పూర్ణిమనాఁటి చంద్రుని ఎవ్వరును నింపరు. కళవెంబడి కళగాఁ బెరిగి యతఁడే పూర్ణుఁడగును. నిండుట, నింపుట అను రెంటికిఁ గల భేదము తెలుఁగువారికిఁ జెప్ప నక్కఱలేదు. పూర్ణశబ్దము మొదటిదానిపక్షము.

ఇచ్చట వైయాకరణుఁ డొక యాక్షేపము చేయవచ్చును. 7-2-27 సూత్రమున దాంత, శాంతాది శబ్దములతోఁబాటు పూర్ణశబ్దము ణ్యంతమునకు వికల్పముగా నిపాతింపఁబడినది గదా; అప్పుడు పూర్ణ మనినను పూరిత మనినను ఒకటియే గదా; ‘నింపఁబడిన కుంభ’ మను నర్థ మేల చెల్లదు? చెల్లును, వ్యాకరణము దానిని నిషేధింపదు. అయితే ఆ ణ్యంతమును పూరీ ధాతువునకే గాని పౄ ధాతువునకుఁ గాదు. అనఁగా నటఁ గూడ ‘ఉబ్బునట్లు చేయఁబడిన’ దను నర్థమే వచ్చును. మఱియుఁ బ్రయోగమును జూడవలయును. వికల్ప మున్నను మంగళవస్తువునకు లోకము పూర్ణకుంభమనియే రూఢిగాఁ బేరు పెట్టినది, పూరితకుంభ మనలేదు.

చారిత్రక భాషాశాస్త్రజ్ఞుల యాక్షేపము దీనికంటె బలమైనది. వారు పూర్ణము, పూర్తము అను రెంటిని ఒక్క మూలధాతువునకే చేర్చి, లాటినుభాషలోని ‘ప్లేనుస్’ శబ్దమును దీని తోఁబుట్టువుగాఁ జూపుదురు. ఆ మూలధాతువున కర్థము నిండుటయే. శబ్దజన్మ విషయమున వారి మాటయే గ్రాహ్యము. పూరీ, పౄ ధాతువులు వేర్వేఱని పట్టుపట్టుటలో లాభము లేదు. కాని పాణిని చెప్పినది శబ్దముల పుట్టుక మాత్రమే కాదు, తన కాలపు శిష్టవ్యవహారము. ఒక్కతల్లి బిడ్డలైన రెండు రూపములు వ్యవహారమున వేఱు కాపురములు పెట్టుకొన్నవని యతని సూత్రములు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ వేఱుపాటే యిచ్చటఁ బ్రధానము.

పూర్తమున కేమి పని పడినదో చూచినచో ఇది యింకను దేటపడును. ఇష్టాపూర్తము లను జంటలో పూర్త మనఁగా బావులు, చెఱువులు త్రవ్వించుట మొదలగు పని. అమరసింహుఁడును ఖాతాది కర్మమనియే దాని కర్థము చెప్పినాఁడు. ఇది మనుష్యుఁడు పూనుకొని, త్రవ్వి, కట్టి, నింపి, కాచి చేయవలసినది. పౄ ధాతువున కున్న పాలన పూరణములను రెండర్థములును చెఱువునం దొక్కచోటఁ గానవచ్చును: గట్టు కాచును, వాగు నింపును. పెన్న నీరు కాలువ వెంబడి వచ్చి చేరు నీ కావలి ప్రాంతపు చెఱువులు అక్షరాల పూర్తములు. (కావలి యను నూరిపేరే తెలుఁగున కాపుదలకుఁ బేరగుట యాదృచ్ఛికమే కాని చెవికింపైన యాదృచ్ఛికము.) కాని యీ పూర్తమును ఎవ్వరును మంగళచిహ్నముగా గడపమీఁద వ్రాయలేదు. వ్రాసినది పూర్ణమును.

ఇఁక కుంభశబ్దము. పూరణార్థకమగు ఉంభ ధాతువునుండి, క మనఁగా నీటిచే నింపఁబడునది కుంభమని కోశవ్యాఖ్యాతల వ్యుత్పత్తి. వ్యాఖ్యాతల వ్యుత్పత్తు లన్నియుఁ జరిత్రలు కావు, కుంభశబ్దము రూఢమే. అయినను ఆ వ్యుత్పత్తిని మన్నించువారు ఒక చిక్కును గమనింపవలయును. కుంభమే నీట నింపఁబడిన దైనచో, పూర్ణమునకును నింపఁబడిన దనియే యర్థము చెప్పినచో, పూర్ణకుంభ మనుట పునరుక్తి. పూర్ణశబ్దమున కంతకుమించిన యర్థ మున్నపుడే విశేషణము సార్థకము. ఘటశబ్దమున కీ చిక్కు లేదు. అందువలన శిల్పశాస్త్ర వ్యవహారమునఁ బూర్ణఘట మనుటయే సుకరము.

అమరసింహుఁడు భద్రకుంభ పూర్ణకుంభములను బర్యాయములుగాఁ జెప్పి, వానిని క్షత్రియవర్గమున, సింహాసన చ్ఛత్రముల చెంతఁ గూర్చినాఁడు; కుండలు బానలు మొదలగు వంటపాత్రలు చెప్పిన చోటఁ గూర్చలేదు. ధాన్యము పోయు పాత్రగా నతఁడు దీనిని భావింపలేదని యింతమాత్రమునఁ దేలును. రాజ్యముద్రయందు దీనిని నిలిపినవారు తెలిసియో తెలియకయో అమరుని వరుసనే పాటించినారు.

వేదమునందు ఈ వస్తువు ప్రాఁతదే. అథర్వవేదము మూఁడవ కాండమునందలి శాలాసూక్తమున (3-12) క్రొత్తయింటఁ బ్రవేశించునపుడు గృహిణి పూర్ణకుంభమును గొనిరావలసినదని యున్నది. ఆ కుంభముతో రావలసినది రాశి కాదు, ధార. అమృతముతోఁ గూడిన ఘృతధార. పందొమ్మిదవ కాండమునందలి కాలసూక్తమున (19-53) పూర్ణకుంభము కాలముపై నుంపఁబడినదని యొక గంభీరమైన భావన కలదు. కాలముపై నుంచిన కుంభము కొలపాత్ర యగుట యెట్లు? బృహదారణ్యకమున పూర్ణమునుండి పూర్ణము పైకి వచ్చుచున్నదనియు, వచ్చిన పిమ్మటను పూర్ణమే మిగులుచున్నదనియుఁ జెప్పిన వాక్యము పండితు లెల్ల రెఱిఁగినదే. కొలువఁదగిన వస్తువునం దీ మాట పొసఁగదు. ధాన్యపుకుండనుండి మానెఁడు తీసినచో మానెఁడు తఱుఁగును.

శిల్పసాక్ష్యము శబ్దసాక్ష్యముకంటె స్ఫుటమైనది. క్రీస్తునకుఁ బూర్వపు భార్హుత శిల్పములందు ఘటము నోటినుండి పద్మములు వెడలుచుండును. ఆ పద్మముమీఁద లక్ష్మి నిలిచియుండఁగా ఏనుఁగులు ఆమెకు నీరు పోయుచుండుటయుఁ గలదు. కృష్ణాతీరమున అమరావతీ స్తూపమునకు వచ్చునప్పటికి ఈ రూపము తన నిండు వయస్సు నందుకొన్నది. 1797లో కాలిన్ మెకంజీ యీ స్తూపశిథిలములను జూచి లోకమునకుఁ దెలిపినాఁడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించినాఁడు. ఆ శిలలలోఁ బెక్కు నేఁడు లండనునందలి బ్రిటిషు మ్యూజియమునను, చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునను ఉన్నవి. వానిలోని పూర్ణఘటఫలకములఁ జూచిన వారు కుండ కడుపు ననుసరించి చెక్కిన యలంకారమునకు మురిసి యచ్చటనే యాగుదురు. చూడవలసినది కుండ నోరు. అందుండి మొగ్గలును, విరిసిన పద్మములును, ఆకులును గుంపులై పైకి లేచి ప్రక్కలకు వ్రాలుచున్నవి. అవి కోసి తెచ్చి గుచ్చిన పువ్వులవలె లేవు, లోనుండి మొలచినట్లున్నవి. లోపలి నీరు శిల్పి చూపలేదు, చూప నక్కఱలేదు, పద్మమున్నచో నీరున్నట్లే.

శిల్పికి ధనము చూపుట చేతఁగాక యిట్లు చేసెనా? కాదు. బేస్‌నగరమున దొరకి నేఁడు కలకత్తా ఇండియన్ మ్యూజియమున నున్న కల్పవృక్ష స్తంభశిరస్సు ఇందులకు సాక్షి. ఆ వటవృక్షపుటూడల నడుమ ధనపు మూటలును, నాణెముల పాత్రయు, నాణెములు చిమ్ము శంఖపద్మములును గలవు. శంఖనిధి పద్మనిధులను జూపఁదలఁచిన చోట శిల్పి నాణెములనే చెక్కినాఁడు. అచ్చటి పాత్రలోఁ బద్మము మొలవలేదు. పూర్ణఘటమున నాణెములు లేవు. నిధిపాత్ర వేఱు, పూర్ణఘటము వేఱు అను వివేకము రెండువేలయేండ్లకు మునుపటి రాతిపనివానికిఁ గలదు. నేఁటి యుపన్యాసకులలోఁ బలువురకు లేదు.

ఆంగ్లమున వ్రాసిన విద్వాంసులు దీనిని సమృద్ధిపాత్ర యని యనువదించిరి. ఆ యనువాదమున గ్రీకుల సమృద్ధిశృంగపు నీడ పడినది. అమాల్థియా యను మేఁక కొమ్ము విఱుగఁగా అందుండి కోరిన ఫలము లెల్లఁ బడుచుండెనని వారి కథ. ఆ కొమ్ములోనుండి వచ్చునవి పండిన పండ్లు, తిన సిద్ధమైనవి. పూర్ణఘటమునుండి వచ్చునవి మొగ్గలు. రెండును సమృద్ధి చిహ్నములే యైనను ఒకటి యీవి, మఱొకటి పుట్టుక. ఇది కేవల మూహ గాదు. ఈ రెండు చిహ్నములును భారతదేశపు నాణెములపై నొకమాఱు తలపడినవి. కుషాణుల నాణెములపై అర్దోఖ్షో యను దేవత సమృద్ధిశృంగమును బట్టుకొని యున్నది. సముద్రగుప్తుని నాణెములపై దేవి చేతను ఆ కొమ్మే యున్నది. చంద్రగుప్త విక్రమాదిత్యుని కాలమున దాని స్థానమునఁ బద్మము వచ్చినది. లక్ష్మి చేతికి కొమ్ము తగదని యెవ్వరును శాసనము వ్రాయలేదు. దేశపు కన్ను తనకుఁ దెలిసినదానిని మెల్లగా మఱల నిలుపుకొన్నది. ఆనంద కుమారస్వామి 1931లో వెలువడిన తన ‘యక్షులు’ అను గ్రంథపు రెండవ భాగమున పూర్ణఘటమును జలతత్త్వముతోఁ జేర్చి విచారించుట యీ కారణముచేతనే శ్లాఘ్యము. సమృద్ధిపాత్ర యను పేరును వాడియు నతఁడు కొమ్ము నీడలోఁ జిక్కలేదు.

ఈ చిహ్నము బౌద్ధులదా, వైదికులదా యను వివాద మొకటి సభలలో వినఁబడును. దానికై పెక్కు మాట లక్కఱలేదు. అథర్వమునం దున్నది, భార్హుతమునం దున్నది, జైనుల యష్టమంగళములం దున్నది, త్రిశలాదేవి స్వప్నములం దున్నది, సింహళమున బౌద్ధు లిప్పటికిని ‘పున్‌కలస’ యను పేరఁ బెట్టుచున్నారు. ఇందఱికి నుమ్మడియైన దానిని ఒక్కరి యింట దాచుట యెట్లు?

ఇంతవఱకు సంస్కృతపు మాట. తెలుఁగున పూర్ణకుంభమును నిండుకుండ యనుటలోఁ గల యసౌకర్య మిఁకఁ జూడవలయును. నిండుశబ్దము దోషి కాదు. నిండుచూలా లనునపుడు, నిండుజాబిల్లి యనునపుడు అది పూర్ణశబ్దముతో సరితూఁగును. చూలాలి నిండుఁదనము లోనుండి పెరిగినది, వెలికి వచ్చుటకు సిద్ధమైనది. కుండకును గర్భమునకును గల పోలిక, అగస్త్యుని కుంభసంభవుఁడనుట, ఇవి యన్నియు నీ యర్థమునకే యండ. చిక్కంతయు ‘నిండుకుండ తొణకదు’ అను సామెతవలన వచ్చినది. ఆ సామెత విద్యావంతుని యణకువను జెప్పుటకుఁ బుట్టినది. అది లోకోక్తిగా గొప్పది. కాని నిండుకుండ యనఁగానే తొణకని కుండ మనస్సునకు వచ్చును. అమరావతీ ఘటము తొణకునట్టిదే. నోటినిండఁ బొంగి ప్రక్కలకుఁ జాఱునట్టిదే. సామెతలోని కుండ నోరు మూసికొని యుండును, శిల్పములోని కుండ నోరు తెఱచుకొని యుండును.

మఱొక విచిత్రము గలదు. తెలుఁగిల్లాలు ఇంట బియ్యము లేవని నోట ననదు. ‘బియ్యము నిండుకొన్నవి’ అనును. అమంగళము పలుకరాదను మర్యాద లేమికి నిండుతన మను పేరు పెట్టినది. ఇట్టి రెండంచుల క్రియనుండి వచ్చిన పేరును సమృద్ధిచిహ్నమునకుఁ బెట్టి, దానికే బాలురచేత నర్థము చెప్పించుట తగునా యని పండితు లాలోచింపవలయును.

ఆప్యాయనమునకు సరియైన తెలుఁగు ‘పొంగు’. ఆచార మీ మాటనే పట్టుకొన్నది. క్రొత్తయింట మొదటఁ జేయునది పాలు పొంగించుట. అథర్వపు శాలాసూక్తమున గృహిణి తెచ్చు కుంభమునకును నేఁటి గృహప్రవేశమునఁ బొయ్యిమీఁదఁ బెట్టు పాలగిన్నెకును నడుమ నున్నది కాలము మాత్రమే. పాలు గిన్నె యంచువఱకు వచ్చి యాఁగినచో నెవ్వరికిని దృప్తి లేదు. అంచు దాఁటి నేలఁ బడవలయును. గ్రామదేవతలకు నెల్లూరిసీమలోఁ బెట్టు పొంగళ్లును నట్లే. పొంగలి యను పేరే పొంగునుండి వచ్చినది. వంటకమునకు దాని వస్తువునుబట్టి గాక, పాత్రలో నది చేయు చేష్టనుబట్టి పేరు పెట్టిన జాతికి పూర్ణకుంభార్థము తెలియదనుట సాహసము.

ఈ తీరపు వానలతీరును దీనికి సరిపడినదే. నైరృతి ఋతుపవనము నెల్లూరిసీమకు అంతగాఁ దడి యీయదు. చెఱువులు నిండుట ఈశాన్యపు వానలకు, ఆశ్వయుజ కార్తికములలో. చెఱువు మిగులునీరు పాఱు కట్టడమునకు ఈ సీమలోఁ గలుజని పేరు. ఇతరత్ర అలుగందురు, తెలంగాణమున మత్తడి యందురు. కలుజు పాఱినచో రైతునకు ధైర్యము. గట్టుదాఁక వచ్చి నిలిచిన నీటిని జూచి యతఁ డింకను సందేహించును. తరువాతి సంక్రాంతికిఁ బొంగలికుండ పొంగును. కలుజు పొంగిన యేఁటనే ఆ కుండయు మనస్సార పొంగును.

కలశస్థాపన విషయమున నొక ప్రశ్న వచ్చును. వరలక్ష్మీవ్రతమునఁ బలువు రిండ్ల కలశమున నీటికి బదులు బియ్యము పోయుదురు గదా, అది ధాన్యపుకుండ గాదా? ఆ బియ్యమును కలశమునందే దాచియుంచు నాచార మున్నచో ఈ ప్రశ్న గెలుచును. కాని యుద్వాసన యైన పిదప ఆ బియ్యము వంటకుఁ బోవును. నీటికలశ మైనచో ఆ నీరు ఇల్లంతయుఁ జల్లఁబడును. మీఁది మామిడికొమ్మయు, కొబ్బరికాయయు మొలచు స్వభావము గలవి. కుండ మూసియుంచుటకు మూఁత యొకటి చాలును గదా. మూఁతకు బదులు చిగురును, విత్తనము వంటి కాయయు నేల పెట్టవలె? పెండ్లికి కుమ్మరియింటినుండి మేళముతోఁ దెచ్చు ఐరేని కుండలును వధూవరుల సంతానవృద్ధిని గోరునవే. వానిలో నేమి పోసినారని యెవ్వ రడుగుదురు? దీని కెదురుమొగమునఁ గాటిలోని కుండ యున్నది. కర్త భుజముపై నీటికుండ నుంచుకొని చితిచుట్టుఁ దిరుగుచుండఁగా దానికి రంధ్రములు పొడిచి, ధార లన్నియుఁ గాఱిపోవుచుండఁగా వెనుకకు విడుచుదురు. ఊరి ముసలమ్మకు వ్యాకరణము రాకున్నను ఏ కుండ యెప్పుడు ఎత్తవలయునో తెలియును.

స్వాగతసభల మాట వేఱు. దొరలకు, అధికారులకు వెండిచెంబుమీఁదఁ గొబ్బరికాయ నిలిపి యెదురేఁగుట యొక మర్యాద. లోన నీరున్నదో లేదో చూచువా రరుదు. అందు మర్యాద యుండును గాని పూర్ణత్వ ముండదు.

ముద్రను జిత్రించువారికిని, పాఠము చెప్పువారికిని ఒక సంగతి మాత్రము చెప్పవలసియున్నది. గోడలమీఁదను, బలకలమీఁదను దీనిని వ్రాయునపుడు అమరావతీ ఘటమును, పూజాకలశమును గలిపివేయుట తఱచు జరుగుచున్నది. అమరావతీ ఘటమునఁ గొబ్బరికాయ లేదు. పూజాకలశమునఁ బద్మమాల లేదు. రెండును బూజ్యములే, రెండును వేఱు. మొదటిదానిని వ్రాయఁబూనినవారు పద్మము లన్నియు విరిసినట్లు వ్రాయరాదు. శిలమీఁద విరిసినవానిచెంతనే విరియని మొగ్గలును గలవు. కుండ లోపల నీరింకను బని చేయుచున్నదని చెప్పునవి యవియే. అర్థము వ్రాయించునపుడు ‘నిండుకుండ’ యని విడువక ‘లోనుండి పొంగి మొలకెత్తు కుండ’ యని వ్రాయించిరేని, 8-2-57 సూత్రము రాని బాలుఁడును ఆ మొగ్గలను జూచి కారణము తెలిసికొనఁగలఁడు.